వారానికో ఊరు... ఊరికో గుడి!

బస్సే ఇల్లు. వంట, చదువు, నిద్ర, సాయంత్రం జపమాల... అన్నీ అందులోనే. అమెరికాలో ఏడాది పొడవునా ఇలా తిరుగుతూ బతికే కుటుంబాల్లో క్యాథలిక్కులూ ఉన్నారు. మరి ఊరే లేనివాళ్లకు విచారణ గురువు ఎవరు? వాళ్ల పిల్లల పేర్లు ఏ గుడి పుస్తకంలో రాస్తారు?

'మీదే ఊరండీ?'

రైల్లో పక్క సీటాయన అడిగే మొదటి ప్రశ్న ఇదే. పేరు తర్వాత. ఊరు తెలిస్తే సగం మనిషి తెలిసినట్టే మనకు. మన ఇంటిపేర్లలో ఎన్ని ఊరి పేర్ల నుంచి వచ్చాయో లెక్కపెట్టడం కష్టం. ఊరొదిలి మూడు తరాలైనా ఆ పేరు మాత్రం వెంటే వస్తుంది. అలాంటి మనకు 'మాకు ఊరు లేదండీ, మా ఇంటికి చక్రాలున్నాయి' అని ఎవరైనా చెబితే ఏమనిపిస్తుంది? పాపం అనిపిస్తుంది. లేదంటే పిచ్చి అనిపిస్తుంది.

పిచ్చి అని సాక్షాత్తూ పోప్ గారే అన్నారు. నవ్వుతూనే లెండి!

అది 2015. ఆ సెప్టెంబరులో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ప్రపంచ కుటుంబాల సమావేశం జరిగింది. జగద్గురువు ఫ్రాన్సిస్ వస్తున్నారు. ఆయన పోప్ కాకముందు అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌కు అగ్రపీఠాధిపతి. ఆ ఊళ్లోనే ఉండే వాకర్ కుటుంబం తామూ ఫిలడెల్ఫియా వెళ్లాలనుకుంది. విమానమెక్కితే ఒక్క రోజు పని. వాళ్లు మాత్రం 1980 నాటి ఫోక్స్‌వ్యాగన్ కోంబి వ్యాను ఎక్కారు. దానికి పోప్ పేరు మీదుగా 'ఫ్రాన్సిస్కా' అని పేరు పెట్టుకున్నారు. అమ్మానాన్నలు, నలుగురు పిల్లలు. పెద్ద బిడ్డకు పన్నెండేళ్లు, చివరి బిడ్డకు మూడు. మార్చిలో బయల్దేరితే చేరేసరికి 194 రోజులు పట్టింది. దాదాపు 21 వేల కిలోమీటర్లు. కొలంబియా, పనామాల మధ్య డేరియన్ అడవి దగ్గర అసలు రోడ్డే లేదు. అక్కడ బండిని ఓడ ఎక్కించడం తప్ప మరో దారి లేదు. ముప్పై అయిదేళ్ల వ్యాను ఎన్నిసార్లు మొరాయించిందో! సెప్టెంబరు 27 ఆదివారం ఉదయం, పోప్ బస చేసిన సెమినరీలోనే వాళ్లకు ఆయన దర్శనం దొరికింది. బ్యూనస్ ఎయిర్స్ నుంచి వచ్చిన కుటుంబం మీరేనా, మీకు పిచ్చి అన్నారట పోప్. 2025 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూసే దాకా అలాంటి చమత్కారాలకు లోటు లేదు.

వాకర్లది యాత్ర. దానికో గమ్యం ఉంది, ఓ తేదీ ఉంది. మన కథలోని కుటుంబాలకు ఆ రెండూ లేవు. వాళ్లు ఇల్లు అమ్మేసి, సామానంతా పంచేసి, మోటార్ హోమ్‌లోకి మారిపోయినవాళ్లు. అమెరికాలో వీళ్లను 'ఫుల్ టైమర్స్' అంటారు.

అగ్గిపెట్టెలో ఆరుగురు

మన ఆర్టీసీ బస్సంత పొడవు, కొన్నయితే అంతకన్నా పెద్దవి. ముందు డ్రైవర్ సీటు. వెనక సోఫా, నాలుగు పొయ్యిల స్టవ్, ఫ్రిజ్, స్నానాల గది, పిల్లలకు ఒకదానిపై ఒకటి బెర్తులు, చివర పడగ్గది. అమెరికా చట్టం ప్రకారం రోడ్డు మీద బండి వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు దాటకూడదు. అందుకే ఎక్కడైనా ఆగాక మీట నొక్కితే గది గోడ పక్కకు జరిగి, ఇల్లు కాస్త వెడల్పవుతుంది. ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ అనే ఊరు, దాని చుట్టుపక్కల ప్రాంతం ఈ బండ్ల తయారీకి పెట్టింది పేరు. కరోనా దెబ్బకు జనమంతా హోటళ్లకు దూరమై వీటి మీద పడటంతో 2021లో అమెరికాలో ఆరు లక్షలకు పైగా బండ్లు ఫ్యాక్టరీల నుంచి బయటికొచ్చాయి. అందులో ఎక్కువ భాగం కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే రకాలే. ఇంజిన్ ఉన్న పెద్ద మోటార్ హోమ్ కొత్తది కొనాలంటే లక్ష డాలర్ల పైమాటే. కాబట్టి పిల్లలున్నవాళ్లు ఎక్కువగా పాతవి కొనుక్కుంటారు. బాగు చేసుకోవడంతోనే సగం సెలవులు గడిచిపోతాయి.

చూడ్డానికి విలాసంగానే ఉంటుంది. కానీ ఆ ఇంట్లో అడుగడుగునా లెక్కే. బండి కింద మూడు ట్యాంకులుంటాయి. మంచినీళ్లకు ఒకటి, వంటింటి, స్నానాల నీళ్లకు ఒకటి, మరుగుదొడ్డికి ఒకటి. ఆ మూడోది నిండితే నిర్ణీత స్థలానికి తీసుకెళ్లి, చేతికి గ్లవుజులు తొడుక్కుని, గొట్టం తగిలించి ఖాళీ చేయాలి. ఆ పని ఇంటాయనదే అన్న ఒప్పందం దాదాపు ప్రతి బండిలోనూ ఉంటుందని ప్రతీతి. షవర్ కింద నిలబడి పాటలు పాడే వీల్లేదు. ఒంటికి నీళ్లు, ఆపి సబ్బు, మళ్లీ నీళ్లు... అంతే. ఎండాకాలంలో వీధి పంపు దగ్గర బిందెల లెక్క చూసిన మన ఆడవాళ్లకయితే ఇది కొత్త పాఠమేమీ కాదు.

చలికాలం ఇంకో పరీక్ష. ఉష్ణోగ్రత సున్నా దాటి కిందికి దిగితే గొట్టాల్లో నీళ్లు గడ్డకడతాయి. అందుకే పక్షుల్లాగా దక్షిణానికి ప్రయాణం కడతారు. ఆరిజోనా ఎడారిలో క్వార్ట్‌జైట్ అనే చిన్న ఊరుంది. దాని చుట్టూ ఉన్న ప్రభుత్వ భూముల్లో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు రుసుము కట్టి ఆగొచ్చు. వేసవిలో నిర్మానుష్యంగా ఉండే ఆ ఎడారి జనవరి నాటికి జాతరలా మారిపోతుంది. మామూలు ప్రభుత్వ భూముల్లో అయితే సాధారణంగా పద్నాలుగు రోజులు మించి ఉండనివ్వరు. కదలాల్సిందే.

మరి తిండికి? ఒకప్పుడు వీళ్లలో ఎక్కువమంది పెన్షన్ తీసుకునే పెద్దలే. ఇప్పుడు ఇంటర్నెట్ ఉంటే చాలు, ఎక్కడి నుంచైనా ఉద్యోగం చేసే రోజులు. పదమూడు వారాల కాంట్రాక్టుల మీద ఆస్పత్రులు మారే నర్సులూ ఉన్నారు. శరదృతువులో డకోటా, మిన్నెసోటా సరిహద్దుల్లో చక్కెర దుంపల కోతకు వెళ్లేవాళ్లున్నారు. పార్కుల్లో కాపలా ఉండి, అందుకు బదులు ఉచితంగా బండి నిలుపుకునే చోటు తీసుకునేవాళ్లున్నారు. వయసు మళ్లాక గత్యంతరం లేక బండెక్కినవాళ్ల కథను జెస్సికా బ్రూడర్ 'నోమాడ్‌ల్యాండ్' పుస్తకంగా రాశారు. దాని ఆధారంగా తీసిన సినిమాకు 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. ఇష్టంగా వెళ్లినవాళ్లూ, తప్పక వెళ్లినవాళ్లూ పక్కపక్కనే బండ్లు నిలుపుకుంటారు. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు.

శనివారం సాయంత్రం ప్రశ్న

ఇక్కడిదాకా అందరిదీ ఒకే కథ. క్యాథలిక్కు కుటుంబానికి శనివారం వచ్చేసరికి కథ మారుతుంది. ఆదివారం పూజకు వెళ్లడం వాళ్లకు విధి. 'రేపు మన గుడి ఏది?' అని పిల్లలు అడుగుతారు. అమ్మ ఫోనులో వెతుకుతుంది. అమెరికాలో క్యాథలిక్కు విచారణలు దాదాపు 16 వేలు ఉన్నాయి కాబట్టి పట్టణాల దగ్గర ఇబ్బంది లేదు. మైళ్లకు మైళ్లు మనిషి కనిపించని పశ్చిమ రాష్ట్రాల్లోనే చిక్కు. అక్కడ ఒకే ఫాదర్ రెండు మూడు ఊళ్లు చూసుకుంటుంటారు. ఒకచోట శనివారం సాయంత్రం, మరోచోట ఆదివారం ఉదయం పూజ. శనివారం సాయంత్రం వెళ్లినా ఆదివారం లెక్కలోకి వస్తుందన్న వెసులుబాటు ఇలాంటివాళ్లకు పెద్ద ఊరట. జాతీయ పార్కుల్లోనూ కొన్నిచోట్ల గుళ్లున్నాయి. గ్రాండ్ కాన్యన్ ఊళ్లో ఒకటుంది. గ్రాండ్ టీటన్ పార్కులో సరస్సు దగ్గర దుంగలతో కట్టిన తిరుహృదయ చాపెల్ ఉంది.

గుడి దొరికినా ఇంకో తంటా... పార్కింగ్. నలభై అడుగుల ఇంటిని చర్చి ఆవరణలో ఎక్కడ పెడతారు? చాలామంది బండి వెనక ఓ చిన్న కారు తగిలించుకుని తిరిగేది ఇందుకే.

లోపలికి అడుగుపెట్టాక మాత్రం కొత్త అనిపించదట. కారణం ఉంది. లత్తీను రీతి క్యాథలిక్కు గుళ్లలో ఆ ఆదివారం చదివే బైబిలు పఠనాలు ప్రపంచమంతా దాదాపు ఒకటే. మూడేళ్ల వరస అది. నెబ్రాస్కాలో మొక్కజొన్న చేల మధ్య ఓ గుడిలో చదివే సువార్త భాగమే అదే రోజు గుణదల కొండ దగ్గర తెలుగులో చదువుతారు. భాష మారుతుంది, పాటలు మారతాయి. ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు మోకరించాలో పిల్లలకు తెలుసు. వారం వారం బడి మారినా పాఠం మాత్రం వరసగా సాగినట్టు!

అయితే 'దాదాపు' అన్నాం కదా. అందులోనే ఓ తమాషా. క్రీస్తు మోక్షారోహణ పండుగను అమెరికాలో చాలా రాష్ట్రాలు ఆదివారానికి జరిపేసుకున్నాయి. న్యూయార్క్, నెబ్రాస్కా లాంటి కొన్నిచోట్ల మాత్రం పాత పద్ధతిలో గురువారమే. గురువారం కాన్సస్‌లో ఉండి ఆదివారానికి నెబ్రాస్కా చేరిన కుటుంబానికి ఆ ఏడు పండుగే రాదు. కాన్సస్‌లో ఇంకా రాలేదు, నెబ్రాస్కాలో అయిపోయింది! ఎదురు దారిలో వెళ్తే రెండుసార్లు వస్తుంది. పిల్లలకు ఏ దారి ఇష్టమో చెప్పక్కర్లేదు.

చిన్న ఊళ్లలో మరో ఆశ్చర్యమూ ఎదురుకావచ్చు. మన తెలుగు మేత్రాసనాల నుంచి వెళ్లిన గురువులు అమెరికాలో ఎన్నో చిన్న విచారణల్లో పనిచేస్తున్నారు. పీఠం దగ్గర నిలబడి ప్రసంగిస్తున్న ఫాదర్ ఇంగ్లీషులో గోదావరి యాసో, గుంటూరు యాసో వినిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇల్లు వదిలి వచ్చిన గురువు, ఇల్లే వెంట తెచ్చుకున్న కుటుంబం... పూజ అయ్యాక గుమ్మం దగ్గర చేతులు కలుపుకుంటూ 'మీదే ఊరు?' అని ఎవరు ముందు అడుగుతారో.

దేశదిమ్మరికీ ఓ నిబంధన

అసలు ప్రశ్న ఇప్పుడొస్తుంది. క్యాథలిక్కు శ్రీసభలో విచారణ అంటే ముఖ్యంగా ఓ ప్రాంతం. మన రెవెన్యూ గ్రామంలా దానికి ఎల్లలుంటాయి. మీ ఇల్లు ఏ ఎల్లలో ఉంటే ఆ గురువే మీ గురువు. జ్ఞానస్నానం, పెళ్లి, చావు... అన్నిటికీ అక్కడే. మరి ఇల్లే ఎల్లలు దాటుతుంటే?

1983లో వచ్చిన శ్రీసభ చట్టం దీని గురించి ముందే ఆలోచించింది. ఓ ప్రాంతంలో స్థిరపడాలని వచ్చినా, లేక అయిదేళ్లు ఉండిపోయినా అది మీ చోటు. మూణ్నెల్లు ఉంటే తాత్కాలికంగా మీ చోటు. ఈ రెండూ ఎక్కడా లేనివాళ్లకు లాటిన్‌లో 'వాగుస్' అని పేరు పెట్టింది. మన మాటల్లో దేశదిమ్మరి. తిట్టు కాదు, చట్టంలో ఓ వర్గం. వాళ్లకు గురువెవరంటే... 107వ నిబంధన ఒక్క వాక్యంలో తేల్చేసింది. ప్రస్తుతం ఎక్కడుంటే అక్కడి విచారణ గురువే!

అంటే నిన్న రాత్రి కాన్సస్‌లో ఓ పెట్రోలు బంకు వెనక బండి ఆపుకున్నారనుకోండి. ఆ ఊరి ఫాదర్‌కు వీళ్ల మొహాలు తెలియవు, పేర్లు తెలియవు. అయినా ఈ ఉదయానికి ఆయనే వీళ్ల విచారణ గురువు. ఇలాంటివాళ్లు పెళ్లి చేసుకోవాలంటే మాత్రం పీఠాధిపతి అనుమతి ఉండాలి. ఎక్కడో ఒకరిని వదిలేసి వచ్చారేమో చూసుకోవద్దూ! పిల్లల విషయంలో ఇంకో వింత. మామూలుగా బిడ్డ సొంత ఊరంటే అమ్మానాన్నల ఊరే. దేశదిమ్మరుల బిడ్డకు మాత్రం పుట్టిన చోటే సొంత ఊరని 101వ నిబంధన. ప్రయాణంలో ఎక్కడ నొప్పులొస్తే అదే!

చక్రాల బతుకు శ్రీసభకు కొత్తేమీ కాదు కూడా. సర్కస్ వాళ్ల కోసం, సంతల్లో ఆటలు నడిపేవాళ్ల కోసం వాళ్ల వెంట తిరిగే గురువులు అమెరికాలో ఉన్నారు. అంతకన్నా ముందు గుడే తిరిగింది. 1907లో 'సెయింట్ ఆంథొనీ' అనే రైలుపెట్టెను చర్చిగా మార్చారు. లోపల బలిపీఠం, బెంచీలు, ఫాదర్‌కు ఓ చిన్న గది. గుడి లేని ఊరికి తీసుకెళ్లి పక్క పట్టాల మీద నిలిపేవారు. కొన్నాళ్లు పూజలు జరిపి, ఇంకో ఊరికి. తర్వాత అలాంటివి మరో రెండొచ్చాయి. అప్పట్లో జనం ఇళ్లలో ఉంటే గుడి వాళ్ల దగ్గరికి వెళ్లింది. ఇప్పుడు గుళ్లు కదలకుండా ఉన్నాయి, ఇళ్లే వాటి దగ్గరికి వస్తున్నాయి.

కొత్త నన్మకు ఎవరు సిద్ధం చేస్తారు?

ప్రభుత్వం కూడా ఊరడుగుతుంది. లైసెన్సుకు, పన్నుకు, ఓటుకు చిరునామా కావాలి. దానికీ దారులున్నాయి. సౌత్ డకోటాలో ఒక్క రాత్రి బస చేసిన రశీదు, అక్కడి ఓ ఉత్తరాల పెట్టె చిరునామా చూపించి డ్రైవింగ్ లైసెన్సు తీసుకునే ఏర్పాటు ఉంది. టెక్సస్‌లోని లివింగ్‌స్టన్‌లో ఎస్కేపీస్ అనే సంచార కుటుంబాల క్లబ్ వేలమందికి ఉత్తరాలు అందుకుని, వాళ్లెక్కడుంటే అక్కడికి పంపుతుంది. చదువుకు ఇబ్బంది లేదు. ఇంట్లో చదువు చెప్పుకోవడం 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే, నియమాలే వేరు. వర్జీనియాలోని సెటన్ హోమ్ స్టడీ స్కూల్ లాంటి క్యాథలిక్కు సంస్థలు పాఠాలు ఇంటికే పంపుతాయి. ఆ ఇల్లు ఎక్కడుంటే అక్కడికి.

అసలు కష్టం అంకెల్లోకి రానిది. మొదటిసారి దివ్యసత్ప్రసాదం తీసుకోవాలంటే పిల్లలకు ముందు నేర్పించాలి. మన పల్లెల్లో దాన్ని 'కొత్త నన్మ' అంటారు. తెల్లబట్టలు, తలమీద పూలకిరీటం, ఊరంతా పండుగ. అమెరికాలో చాలా విచారణల్లో ఇందుకు నెలల తరబడి, కొన్నిచోట్ల రెండేళ్లు తరగతులుంటాయి. రెండు వారాలుండి వెళ్లిపోయే కుటుంబం ఆ తరగతులకు ఎలా వస్తుంది? నేర్పాల్సిన బాధ్యత మొదట తల్లిదండ్రులదేనని చట్టం చెబుతుంది. పిల్లవాడు సిద్ధమయ్యాడో లేదో చూడాల్సింది విచారణ గురువు. కొందరు ఫాదర్లు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు ప్రశ్నలడిగి సరేనంటారు. కొందరు మా తరగతుల్లో చేరితేనే అంటారు. ఎవరినీ తప్పుపట్టలేం. ముక్కూమొహం తెలియని బిడ్డ మరి.

కొత్త చోట ఎంత ఆప్యాయంగా పలకరించినా అది అతిథికి దక్కే పలకరింపే. అమ్మకు జ్వరమొస్తే గిన్నెలో కూర తెచ్చిచ్చే పక్కింటావిడ ఉండదు. గాయకబృందంలో పిల్లను చేర్పిస్తే క్రిస్మస్ నాటికి ఏ ఊళ్లో ఉంటారో చెప్పలేరు. ఆరోగ్య బీమా చాలామందికి రాష్ట్రంతో ముడిపడి ఉంటుంది. పిల్లలు పన్నెండు, పదమూడేళ్లకు వచ్చేసరికి వాళ్లకు స్నేహితులు కావాలి. బండి అమ్మేసి మళ్లీ ఇల్లు చూసుకునే కుటుంబాలు ఎక్కువగా ఆ వయసు దగ్గరే ఆగుతాయంటే ఆశ్చర్యం లేదు. ఇవన్నీ తెలిసీ ఎందుకు వెళ్తారంటే, రోజంతా నాన్న పిల్లలకు కనిపించే బతుకు కోసం అన్నది తరచూ వినిపించే జవాబు. సాయంత్రం పొయ్యి మీద ఏదో ఉడుకుతుంటే, కిటికీలోంచి ఎడారి ఎర్రబడుతుంటే, ఆరుగురూ ఒకరి మోకాళ్లు ఒకరికి తగిలేలా కూర్చుని జపమాల చెప్పుకునే కుటుంబానికి ఆ జవాబు చాలేమో. మనలో ఎంతమందిమి రోజుకోసారి అలా కూర్చుంటున్నామో మాత్రం నన్నడక్కండి.

ఇంతకీ ఆ పిల్లల పేర్లు ఏ పుస్తకంలో ఉంటాయి?

జ్ఞానస్నానం ఏ గుడిలో జరిగితే ఆ గుడి రిజిస్టరులో. అక్కడితో ఆగదు. ఆ బిడ్డ పెద్దయ్యాక భద్రమైన అభ్యంగనం ఎక్కడ తీసుకున్నా, పెళ్లి ఎక్కడ జరిగినా, మఠంలో శాశ్వత వ్రతాలు తీసుకున్నా, గురువుగా అభిషేకం పొందినా... ఆ సంగతి మొదటి గుడికి రాసి పంపాలి. వాళ్లు పాత పుస్తకం తీసి, అదే పేరు పక్కన రాసుకోవాలి. హైదరాబాద్‌లో పెళ్లి కుదిరిన అబ్బాయి జ్ఞానస్నాన పత్రం కోసం సొంతూరి గుడికి పరిగెత్తేది ఇందుకే. అమెరికాలో స్థిరపడ్డ పిల్లల కోసం ఇక్కడి పల్లెల్లో తాతయ్యలు ఫాదర్ గది ముందు కూర్చునేదీ ఇందుకే.

బండిలో పెరిగిన పిల్లదీ అదే పద్ధతి. అభ్యంగనం ఆరిజోనాలో అయితే అక్కడి గుడి నుంచి ఓ కాగితం బయల్దేరుతుంది. ఒహాయోలోనో, టెక్సస్‌లోనో ఆమెకు నెలల వయసులో నీళ్లు పోసిన గుడికి చేరుతుంది. అక్కడి గుమస్తా పేజీలు తిరగేసి, పేరు వెతికి, తేదీ రాస్తుంది. ఆ వేళకు పిల్ల ఏ రోడ్డు మీద ఉందో ఆమెకు తెలియదు.